చెవి కుట్టాక – 4వ పాఠం: చేయి పెట్టకుండా ఉండటం

సూది గురించి, నగ లోహం గురించి కిందటి పాఠాల్లో చెప్పుకున్నాం. కుట్టించుకోవడం అయిపోయింది, ఇక పని మీది. వినడానికి తేలికగా అనిపించినా, నా దృష్టిలో అన్నిటికంటే కష్టమైన పాఠం ఇదే.

ముందు లోపల జరిగేది తెలుసుకుందాం. రంధ్రం అంటే గాయం. ఒళ్లు దాన్ని పూడ్చాలని చూస్తుంది. నగ కడ్డీ అడ్డుగా ఉండటంతో పూడ్చలేక, దాని చుట్టూ కొత్త చర్మంతో సన్నటి గొట్టం కట్టుకుంటుంది. ఆ చర్మం రెండు అంచుల దగ్గరా మొదలై లోపలికి పాకుతుంది, నడుమ భాగం అన్నిటికంటే ఆఖరున మూసుకుంటుంది. అందుకే పైకి మానినట్టు కనిపించే చెవి లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. నొప్పి పోయింది కదా అని నగ మార్చేసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

ఆ గొట్టం ఒకసారి పూర్తయితే మాత్రం మొండిది. 1991లో ఆల్ప్స్ మంచులో బయటపడిన ఓట్జీ సుమారు 5,300 ఏళ్ల కిందటి మనిషి. అతని చెవి తమ్మెల్లో సాగదీసిన రంధ్రాలు నేటికీ కనిపిస్తాయి.

చెవి తమ్మె మానడానికి మామూలుగా 6 నుంచి 8 వారాలు పడుతుంది. చెవి పైభాగానికి 6 నుంచి 12 నెలలు కావచ్చు, బొడ్డుకూ దాదాపు అంతే. పైభాగంలో ఉండేది మృదులాస్థి, అంటే ఎముకంత గట్టిగా లేకుండా వంగే కణజాలం. దానికి సొంత రక్తనాళాలు లేవు, చుట్టూ ఉన్న పొర నుంచే పోషణ అందాలి. మానడం ఆలస్యం కావడానికి, చీము పడితే చెవి ఆకారమే చెడిపోయే ప్రమాదం ఉండటానికి కారణం ఇదే.

ఇక అభ్యాసం. ఉదయం అద్దం ముందు నిలబడి, ముట్టుకోకుండా చూడండి. కడ్డీ మొదట్లో తెల్లగానో లేత పసుపుగానో పొక్కు కట్టి ఉంటుంది. అది చీము కాదు, గాయం నుంచి ఊరిన ద్రవం ఎండినది. కమ్మను తిప్పుతూ ఉండకపోతే అతుక్కుపోతుందని చాలామంది ఇప్పటికీ చెబుతారు. దయచేసి తిప్పకండి. తిప్పినప్పుడల్లా ఆ గరుకు పొక్కు లోపలికి జారి, అప్పుడే పుట్టిన చర్మాన్ని గీస్తుంది.

సబ్బుతో చేతులు కడుక్కోండి. శుద్ధి చేసి అమ్మే 0.9 శాతం సెలైన్‌ను (ఉప్పునీటిని) ముందూ వెనకా చల్లి, కాసేపు నాననివ్వండి. మెత్తబడి ఊడివచ్చిన పొక్కును శుభ్రమైన గాజుగుడ్డతో అద్ది తీయండి, రానిదాన్ని గిల్లకండి. దూది వద్దు, దాని పోగులు కడ్డీకి చుట్టుకుంటాయి. రోజుకు రెండుసార్లు చాలు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రిములతో పాటు కొత్త కణాలనూ చంపేస్తాయి. ఆ వైపు ఒత్తిగిలి పడుకోకండి, ఆ చెవికి ఫోను ఆనించకండి.

మొదటి రోజుల్లో కొద్దిపాటి వాపు, ఎరుపు మామూలే. తగ్గాల్సిన ఎరుపు పాకుతున్నా, చెవి వేడెక్కి సలుపుతున్నా, చిక్కటి ఆకుపచ్చ చీము కారుతున్నా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరకు వెళ్లండి. చెవి పైభాగమైతే ఆ రోజే వెళ్లాలి. భయపడి నగను మీరే తీసేయకండి. రంధ్రం పైన మూసుకుపోతే చీము బయటకు దారిలేక లోపలే గడ్డ కడుతుంది. తీయాలో వద్దో డాక్టరే చెప్పాలి.

వాపుకు చోటుండాలని మొదట వేసిన పొడవాటి కడ్డీని వాపు తగ్గాక పొట్టిది చేయించాలి. లేకపోతే అది జుట్టుకూ బట్టలకూ తగులుకుంటూ గాయాన్ని రేపుతుంది. అది ఎప్పుడు, ఎవరితో చేయించాలన్నది 5వ పాఠం. అంతవరకు రోజూ అద్దంలో చూసిన రంగు, వాపు, ద్రవం మూడింటినీ తేదీ వేసి ఒక పుస్తకంలో రాసుకోండి, ఆ పాఠానికి అవి కావాలి.