హెచ్‌డీ టీవీ డిస్కులోకి – ఏడో పాఠం: గజం కర్ర, మీటరు కర్ర

ఈసారి 50 జీబీ బ్లూ-రే డిస్కుల సంగతి చెబుతానని మాట ఇచ్చాను. ఆ మాట తప్పుతున్నాను. ఆరో పాఠం చదివి, రికార్డు చేసిన హెచ్‌డీ టీవీ కార్యక్రమాన్ని 25 జీబీ బ్లూ-రే డిస్కులోకి బర్న్ చేయబోయినవాళ్లలో, అంటే రాయబోయినవాళ్లలో, చాలామంది ఒకే గుంటలో పడ్డారు. ఒకాయన దాన్ని దాటి, పక్కనే ఉన్న ఇంకో గుంటలో పడ్డారు. ముందు వాళ్లందరినీ పైకి లాగాలి.

డాలస్ నుంచి ఒకావిడ రాశారు: "మీరు 25 జీబీ డిస్కు అన్నారు. పెట్టె మీదా 25 అనే ఉంది. కంప్యూటర్లో పెడితే 23.3 అంటోంది. దుకాణంవాళ్లు మోసం చేశారని పది డిస్కులూ వెనక్కి పంపేశాను." న్యూజెర్సీలో ఒకాయన అంతకన్నా పెద్ద పని చేశారు. ఆదివారం అమెరికన్ ఫుట్‌బాల్ ఆటను ముందూ వెనకా కబుర్లతో సహా 3 గంటల 50 నిమిషాలు యాంటెనా నుంచి రికార్డు చేశారు. ఆ ఫైలును భార్య మ్యాక్‌లో చూస్తే 24.1 జీబీ. ఖాళీ డిస్కును తన విండోస్ కంప్యూటర్లో చూస్తే 23.3 జీబీ. పట్టదని తీర్మానించుకుని, ఏదో సాఫ్ట్‌వేర్లో సైజు తగ్గించే బటన్ నొక్కి పడుకున్నారు. పదకొండు గంటలు నడిచిందట.

వచ్చిన ఫలితాన్ని ఒక నిమిషం ముక్క నాకు పంపారు. మైదానంలో గడ్డి పరకలు లేవు, ఆకుపచ్చ రంగు కొట్టిన గోడ ఉంది. ఆటగాడు పరిగెత్తినప్పుడల్లా భుజం అంచు దువ్వెన పళ్లలా చీలిపోతోంది. గజాల గీతల పక్కన రాసిన అంకె 30 అవునో 50 అవునో పోల్చుకోలేకపోయాను. అసలు ఫైలేమో, సైజు తగ్గాక దానితో పనేముందని అప్పటికే చెరిపేశారు.

ఆ ఫైలు ఏమీ చేయకుండానే డిస్కులో పట్టేది.

గజాలంటే గుర్తొచ్చింది. బట్టల దుకాణంలో 25 గజాల తాను కొన్నారనుకోండి. ఇంటికొచ్చి మీటరు కర్రతో కొలిస్తే 22.86 వస్తుంది. కొట్టువాడు గుడ్డ కోసేశాడా? లేదు. కర్ర మారింది, గుడ్డ అదే. డిస్కు తయారుచేసేవాళ్లు వంద కోట్ల బైట్లను ఒక జీబీ అంటారు. విండోస్ 107 కోట్ల 37 లక్షల 41 వేల 824 బైట్లను ఒక జీబీ అంటుంది. ఆ రెండోదానికి గిబీబైట్ అని వేరే పేరు ఉంది కానీ, విండోస్ ఆ పేరు వాడదు. జీబీ అనే రాసేస్తుంది. తగవంతా అక్కడే. మ్యాక్ 2009 నుంచి డిస్కులవాళ్ల కర్రతోనే కొలుస్తోంది. మీ ఖాళీ డిస్కులో ఉన్నవి 2,502 కోట్ల 53 లక్షల 14 వేల 816 బైట్లు. మ్యాక్ దాన్ని 25.03 అంటుంది, విండోస్ 23.3 అంటుంది. న్యూజెర్సీవారి ఫైలు మ్యాక్‌లో 24.1 అయితే విండోస్‌లో 22.4. భార్య కర్రతో ఫైలును, భర్త కర్రతో డిస్కును కొలిచారు. అంతే జరిగింది.

ఏ కర్రయినా సరే, ఫైలుకూ డిస్కుకూ ఒకటే వాడండి. అనుమానం వస్తే ఫైలు వివరాల్లోకి వెళ్లి బైట్ల సంఖ్య చూడండి. బైట్లు ఏ కంప్యూటర్లో చూసినా బైట్లే. పెట్టె మీది అంకెనూ తెర మీది అంకెనూ పక్కపక్కన పెట్టి లెక్క వేశామంటూ ఇక దయచేసి నాకు రాయకండి. ఈ కారణంగా పాడైన రికార్డింగులు ఈ ఒక్క నెలలోనే నాలుగు చూశాను, నాలుగింటిలోనూ అసలు ఫైలు చెరిపేసి ఉంది. సైజు తగ్గించడం అవసరమైన సందర్భాలు లేకపోలేదు. మీకు అది ఇంకా రాలేదు.

ఇప్పుడు ఇంకో గుంటలో పడిన ఆయన సంగతి. ఆయన లెక్కల మనిషి. బైట్లు చూశారు, ఒకే కర్ర వాడారు, 24.6 జీబీ ఫైలు 25.03 జీబీ డిస్కులో హాయిగా పడుతుందనుకున్నారు. టీవీ కింద ఉన్న ప్లేయర్‌లో ఆడాలని బ్లూ-రే పద్ధతిలో కట్టారు. పట్టలేదు. తప్పు నాది, ఆరో పాఠంలో ఇది రాయలేదు. యాంటెనా నుంచి వచ్చే ప్రసారం 188 బైట్ల చిన్న చిన్న పొట్లాలుగా వస్తుంది. బ్లూ-రే పద్ధతిలో కట్టేటప్పుడు ప్రతి పొట్లానికీ సమయం రాసిన 4 బైట్ల చీటీ అంటిస్తారు. 188 కాస్తా 192 అవుతుంది. నూటికి రెండు పైచిలుకు పెరిగినట్టు. 24.6 అలా 25.1 దాటింది. కాబట్టి ప్లేయర్‌లో ఆడాలంటే ఫైలు డిస్కులవాళ్ల కర్రతో 24.3, విండోస్ కర్రతో 22.6 దాటకూడదు. ఫైలును ఉన్నదున్నట్టు డేటాగా రాసుకునేవాళ్లకు ఈ బెడద లేదు. నేను డేటాగానే రాస్తాను. మెనూలూ అధ్యాయాలూ కట్టుకునే ఓపిక నాకెప్పుడూ లేదు.

రికార్డు చేయకముందే సైజు ఎంతవుతుందో తెలియాలంటే నా అడ్డదారి ఇది. చానెల్ సెకనుకు ఎన్ని మెగాబిట్లు (మెగాబిట్ అంటే పది లక్షల బిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైటు) పంపుతోందో చూసి, దాన్ని సగం చేసి, ఆ సగంలో పదోవంతు తీసేయండి. గంటకు అన్ని జీబీలు. 14 మెగాబిట్లయితే సగం 7, పదోవంతు పోతే 6.3. న్యూజెర్సీవారి 3 గంటల 50 నిమిషాలకు 24.1 అందుకే వచ్చింది. అమెరికాలో ఇప్పుడున్న పద్ధతిలో ఒక స్టేషన్‌కు దక్కేది మొత్తం 19.39 మెగాబిట్లు. అందులోనే నాలుగైదు ఉపచానెళ్లను కుక్కుతారు కాబట్టి ప్రధాన చానెల్ అంత వాడదు. స్పెల్లింగ్ బీ పోటీలు 2022 నుంచి యాంటెనాకు అందే అయాన్ చానెల్‌లో వస్తున్నాయి. మా ఊళ్లో ఆ ప్రవాహం బాగా సన్నం. మన పిల్లలు మైకు ముందు నిలబడి అక్షరం అక్షరం కూడబలుక్కునే ఆ రెండు గంటలు డిస్కులో ఒక మూలకు సరిపోతాయి. మీ ఊళ్లో ఎంతో మీరే కొలవండి.

వేళ గురించి ఒక్క మాట. 2022 డిసెంబరు 18న ఫుట్‌బాల్ (సాకర్) ప్రపంచ కప్ ఫైనల్ రికార్డింగును రెండు గంటల్లోనే ఆగేలా పెట్టినవాళ్లు నాకు తెలుసు. ఆట 3–3తో నిలిచి పెనాల్టీల దాకా వెళ్లింది. వాళ్ల డిస్కులో అర్జెంటీనా ఇప్పటికీ గెలవలేదు. ఆటలకు చివర గంట అదనంగా పెట్టండి.

బర్న్ చేయడం గురించి రాయడానికి పెద్దగా లేదు. 4ఎక్స్ వేగం, అంటే మూల వేగానికి నాలుగు రెట్లు, చాలు. నిండు డిస్కుకు పావు తక్కువ అరగంట... కాదు, సరిగ్గా చెప్పాలంటే 23 నిమిషాలు. అయితే కొన్ని డ్రైవులు రాస్తూనే సరిచూసుకుంటాయి. అప్పుడు రెట్టింపు పడుతుంది, కంగారుపడి మధ్యలో ఆపకండి. డ్రైవు సరిచూసినా, రాయడం అయ్యాక సాఫ్ట్‌వేర్‌తో మరోసారి సరిచూడండి.

డిస్కును మాత్రం ఒకసారి దీపం కింద పట్టుకుని చూడండి. డీవీడీలో సమాచారం ఉండే పొర రెండు ప్లాస్టిక్ పలకల నడుమ, 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. బ్లూ-రేలో అది అడుగు ముఖానికి 0.1 మిల్లీమీటరు దూరంలోనే ఉంది. అందుకే దాని మీద గట్టి పూత వేస్తారు, అందుకే వేలి జిడ్డు కూడా దాన్ని ఇబ్బంది పెడుతుంది. తుడిస్తే మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు. స్టిక్కర్లు వద్దు. పేరు పై ముఖాన, మధ్య రంధ్రం చుట్టూ ఉండే పారదర్శకమైన వలయం మీద, మెత్తని మొన పెన్నుతో రాస్తాను.

కొనేటప్పుడు పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఎల్‌టీహెచ్ అని ఉందేమో చూడండి. ఉంటే పెట్టెను అక్కడే ఉంచి వచ్చేయండి. ఆ రకంలో వాడేది సేంద్రియ రంగు. మామూలు బీడీ-ఆర్‌లో (ఒక్కసారే రాసుకునే బ్లూ-రే డిస్కులో) వాడేది సేంద్రియం కాని పొర, వెలుగుకూ వేడికీ అది ఎక్కువ ఓర్చుకుంటుంది. పది డాలర్లు కలిసొస్తాయని ఒకసారి ఎల్‌టీహెచ్ కొన్నాను. నాలుగేళ్లకు అందులో మూడు డిస్కులు చదవడం మానేశాయి.

హైదరాబాద్ నుంచి ఒకరు వేరే ప్రశ్న పంపారు. ఇంట్లో డీటీహెచ్ హెచ్‌డీ పెట్టెకు హార్డ్ డిస్కు తగిలించి రికార్డు చేశారు. దాన్ని కంప్యూటర్‌కు పెడితే ఏమీ ఆడలేదు. ఆడదు. ఆ రికార్డింగుకు వేసిన తాళంచెవి ఆ పెట్టెలోనే ఉంటుంది, పెట్టె పోతే రికార్డింగూ పోయినట్టే. ఈ పాఠాలు తాళం లేని ప్రసారాలకే పనికొస్తాయి. తాళం విరగ్గొట్టే దారులు ఇక్కడ చెప్పను.

ఇంతకీ ఇంట్లో డిస్కు రాసుకోవడం ఇంకెన్నాళ్లు అని చాలామంది అడుగుతున్నారు. డిస్కు చిన్నదైపోయిందనీ, జనానికి ఆసక్తి పోయిందనీ అంటుంటారు. నేను జపాన్‌నూ అమెరికానూ పక్కపక్కన పెట్టి చూస్తాను. జపాన్‌లో సోనీ మొదటి బ్లూ-రే రికార్డర్‌ను 2003 ఏప్రిల్‌లో అమ్మింది. ధర నాలుగున్నర లక్షల యెన్లు. గుల్లలాంటి ప్లాస్టిక్ పెట్టెలో బిగించిన 23 జీబీ డిస్కు. అక్కడి ఉపగ్రహ హెచ్‌డీ ప్రసారం 24 మెగాబిట్ల దాకా ఉండేది. మన అడ్డదారి లెక్కన గంటకు 10.8 జీబీ, అంటే డిస్కుకు రెండు గంటల పైన కొంచెం. మరుసటి ఏడాది ప్రసారాలకు తాళం పడింది: ఒక్క ప్రతే ఉండాలి, డిస్కులోకి తరలిస్తే రికార్డర్‌లోది చెరిగిపోవాలి. జనం గొణిగారు. 2008 జులై 4 నుంచి దాన్ని సడలించి తొమ్మిది ప్రతులు తీసుకోనిచ్చారు, పదోసారి మాత్రం అసలుది చెరిగిపోతుంది. ఆ తాళంతోనే జపాన్ ఇళ్లలో డిస్కు రికార్డర్లు ఏళ్ల తరబడి నడిచాయి.

అమెరికాలో కథ తలకిందులు. ఇంట్లో టీవీ కార్యక్రమాన్ని తరవాత చూసుకోవడానికి రికార్డు చేయడం తప్పు కాదని సుప్రీంకోర్టు 1984లోనే 5–4తో చెప్పింది. డిజిటల్ ప్రసారాలకు తాళం లాంటి గుర్తు తగిలించాలని ప్రసారాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌సీసీ 2003లో నియమం చేస్తే, అప్పీలు కోర్టు 2005 మేలో కొట్టేసింది. గాలిలో వచ్చేదంతా తెరిచే ఉంది. అయినా జపాన్‌లోలా ఇంటింటికీ బ్లూ-రే రికార్డర్ రాలేదు. జనం హార్డ్ డిస్కు పెట్టెలో రికార్డు చేసి, చూసి, చెరిపేశారు. తాళం ఉన్నచోట దాచుకున్నారు, లేనిచోట దాచుకోలేదు.

ఇప్పుడు రెండు వైపులా దారి ఇరుకవుతోంది. పానసోనిక్ రాసుకునే బ్లూ-రే డిస్కుల తయారీని 2023 ఫిబ్రవరిలో ఆపింది, సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపింది. ఇతరుల డిస్కులు దొరుకుతున్నాయి కాబట్టి నాకు దానితో పెద్ద దిగులు లేదు. నా దిగులు ప్రసారంతోనే. అమెరికాలో ఏటీఎస్‌సీ 3.0 అనే కొత్త పద్ధతికి 2017లో అనుమతి ఇచ్చారు. అందులో బొమ్మను కుదించే పద్ధతి హెచ్‌ఈవీసీ, శబ్దాన్ని కుదించేది ఏసీ-4. మన బ్లూ-రే పద్ధతిలో ఆ శబ్దానికి చోటే లేదు. పైగా కొన్ని స్టేషన్లు ఆ ప్రసారానికి తాళం వేయడం మొదలుపెట్టాయి. పాత పద్ధతిలో ఎంపెగ్-2 బొమ్మ, ఏసీ-3 శబ్దం. రెండూ ఉన్నవి ఉన్నట్టే బ్లూ-రేలోకి వెళ్తాయి. ఈ పాఠాలన్నీ నిలబడింది ఆ వీలు మీదే. పాత ప్రసారం వస్తున్నన్నాళ్లూ దాచదలచుకున్నది దాచుకోండి. మా ఇంట్లో యాభై డిస్కుల డబ్బాలు రెండు సీలుతో ఉన్నాయి. అలమారలో చీరలకు చోటు లేకుండా చేశానని ఇంట్లో మాట పడుతూనే ఉన్నాను.

అభ్యాసం. మీ యాంటెనాకు అందే ఏడు చానెళ్లను ఒక్కొక్కటి పది నిమిషాలు రికార్డు చేయండి. ఒక్కో ఫైలు బైట్లను 8తో గుణించి, 600తో భాగించి, పది లక్షలతో భాగిస్తే మెగాబిట్లు వస్తాయి. కాగితం మీద పట్టిక వేసుకోండి. ఇదే పనిని రాత్రి 8 గంటలకు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చేయండి, తేడా మీరే చూస్తారు. తరవాత ఏ చానెల్‌లో ఎన్ని గంటలు ఒక డిస్కుకు పడతాయో రెండు కర్రలతోనూ రాయండి. చివరగా ఒక డిస్కు నింపి, సరిచూసి, వేరే కంప్యూటర్లో పెట్టి మొదటి నిమిషం కాదు, చివరి నిమిషం ఆడించండి. డిస్కు అంచు దగ్గరే ఎక్కువ తప్పులు దొరుకుతాయి.

అది సాఫీగా ఆడే దాకా అసలు ఫైలును చెరపకండి, 50 జీబీ డిస్కుల పెట్టె సీలు కూడా విప్పకండి.