శుక్రుడి మీద ల్యాండర్ – 3వ పాఠం: ఐస్ కరిగే లెక్క

పోయిన పాఠంలో పీడనం సంగతి చూశాం. ఇప్పుడు వేడి. శుక్రుడి నేల మీద సుమారు 465 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. మన విజయనగరంలో ఇత్తడి గిన్నెలకు పూసే కళాయి తగరమే కదా, అది 232 దగ్గరే కరిగిపోతుంది. సర్క్యూట్ బోర్డు మీది టంకం ఇంకా ముందే కారిపోతుంది.

మరి సోవియట్ యూనియన్ శుక్రుడి నేల మీదికి దింపిన వెనెరా ల్యాండర్లు ఎలా పనిచేశాయి? కళింగపట్నం నుంచి శ్రీకాకుళానికి చేపలు తెచ్చే థర్మోకోల్ పెట్టె గుర్తు తెచ్చుకోండి. ఐస్ ఉన్నంతసేపూ లోపల సున్నా దగ్గరే ఉంటుంది. బయటి నుంచి వచ్చే వేడంతా ఐస్‌ని కరిగించడానికే సరిపోతుంది. వెనెరాలో ఐస్ బదులు లిథియం నైట్రేట్ ట్రైహైడ్రేట్ అనే ఉప్పు పెట్టారు. అది 30 డిగ్రీల దగ్గర కరుగుతూ, కిలోకి దాదాపు 290 కిలోజౌళ్ల వేడి తీసుకుంటుంది. దిగేముందు ల్యాండర్‌ని బాగా చల్లబరిచేవారు కూడా.

ఇప్పుడు మీ పెట్టెలోకి ఎంత వేడి చొరబడుతోందో కొలవండి. అప్పటికే చెమర్చి నీళ్లు కారుతున్న ఐస్ తీసుకోండి. ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన ఐస్ సున్నా కంటే చల్లగా ఉంటుంది, దాంతో లెక్క తప్పుతుంది. నీళ్లు వంపేసి, మూత పెట్టి, గంటసేపు నీడలో ఉంచండి. మధ్యలో తెరవొద్దు. తర్వాత చేరిన నీళ్లు తూచండి.

300 గ్రాములు వచ్చాయనుకుందాం. కిలో ఐస్ కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి కాబట్టి 0.3 × 334 = 100 కిలోజౌళ్లు. దాన్ని 3,600 సెకన్లతో భాగిస్తే సెకనుకు 0.028 కిలోజౌళ్లు, అంటే 28 వాట్లు.

మన దగ్గర బయట 35, లోపల 0, తేడా 35. శుక్రుడి మీద బయట 465, లోపల 30, తేడా 435. అంటే 12 రెట్ల పైమాటే. పెట్టె కొలతలు, దాని గోడ వేడిని ఆపే తీరు ఇవే అయితే లోపలికి వచ్చే వేడి సుమారు 350 వాట్లు, అంటే సెకనుకు 0.35 కిలోజౌళ్లు. (థర్మోకోల్ అక్కడ మిగలదు, లెక్క కోసం మాత్రమే.) లోపల ఐస్ బదులు 5 కిలోల ఆ ఉప్పు పెట్టామనుకుంటే, అది కరగడానికి 5 × 290 = 1,450 కిలోజౌళ్లు తీసుకుంటుంది. 1,450ని 0.35తో భాగిస్తే 4,140 సెకన్లు, అంటే 69 నిమిషాలు.

1982 మార్చి 1న దిగిన వెనెరా 13ని 32 నిమిషాలు పనిచేస్తే చాలన్నట్టు తయారు చేశారు. అది 127 నిమిషాలు బతికి, రంగు ఫొటోలు పంపింది. ఈ లెక్క వేసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇంటి పని: లోపలి రేడియో, కెమెరా కలిసి ఇంకో 150 వాట్ల వేడి పుట్టిస్తే ఆ 69 నిమిషాలు ఎన్నవుతాయి?