ఆఫ్రికా పచ్చి కాఫీ గింజలు అమెరికాకు తెప్పించుకోవడం: ఏ దరఖాస్తు ఎప్పుడు, ఎంత ఖర్చు

ఇథియోపియా, కెన్యా, ఉగాండాల నుంచి పచ్చి కాఫీ గింజలు అమెరికాకు దిగుమతి చేసుకోవడానికి ప్రత్యేకమైన లైసెన్సేమీ అక్కర్లేదు. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. మామూలు సుంకం కూడా సున్నాయే. ప్రభుత్వానికి పెట్టుకునే దరఖాస్తుల్లో ఎక్కువ భాగం ఉచితం. మరి డబ్బు ఎక్కడ పోతుందంటే గడువుల దగ్గర. ఒక దరఖాస్తు సరుకు ఓడ ఎక్కకముందే పడాలి, ఇంకొకటి ఓడ రేవు చేరడానికి కొన్ని గంటల ముందు పడాలి, మరొకటి సరుకు విడుదలైన పది పనిదినాల్లో. ఒక్కటి తప్పినా ఫీజుల కంటే జరిమానా, నిల్వ ఖర్చు ఎక్కువవుతాయి. అందుకని అన్నీ కాలం వరసలోనే చెబుతాను.

అసలు మీరే దిగుమతిదారు కావాలా అన్నది ముందు తేల్చుకోండి. 60 కిలోల గోనె సంచులైతే 20 అడుగుల కంటైనర్‌లో 320 దాకా పడతాయి, అంటే 19,200 కిలోలు. పది బస్తాలు తెప్పించినా, 320 బస్తాలు తెప్పించినా నింపాల్సిన వివరాలు అవే, కస్టమ్స్ కాగితాలు వేసే బ్రోకర్ తీసుకునేదీ దాదాపు అంతే. పది బస్తాలు ఇతరుల సరుకుతో కలిసి ఒకే కంటైనర్‌లో వస్తే ఇంకో తలనొప్పి: పక్కవాడి సరుకును తనిఖీకి ఆపితే మీదీ ఆగుతుంది. పైగా పచ్చి కాఫీ వాసన ఇట్టే పీల్చేసుకుంటుంది. పక్కన రబ్బరో రసాయనమో ఉంటే గింజ పాడైనట్టే. నన్నడిగితే, మొదటి ఏడాది న్యూజెర్సీ గోదాముల్లో అప్పటికే దిగి ఉన్న కాఫీ కొనుక్కోవడమే మేలు. అయినా సొంతంగానే తెప్పించుకుంటామంటే మిగతాది చదవండి.

ఒక మినహాయింపు ముందే చెప్పాలి. ఇక్కడ రాసేదంతా అమెరికా ప్రధాన భూభాగానికి. హవాయి, ప్యూర్టో రికోల్లో కాఫీ తోటలున్నాయి. తెగుళ్లు, పురుగులు సోకుతాయన్న భయంతో అక్కడికి వేయించని కాఫీ రావడాన్ని వ్యవసాయ శాఖ నిషేధించింది. ఆ రెండు చోట్లకీ పంపాలంటే దారి వేరు.

కాఫీ కొనకముందే పెట్టాల్సినవి

ఈఐఎన్ (వ్యాపారాలకు ఇచ్చే పన్ను గుర్తింపు నంబరు) లేకపోతే ముందు అది తీసుకోండి. ఆదాయపు పన్ను విభాగం వెబ్‌సైట్‌లో ఉచితం, కూర్చున్న చోటే వచ్చేస్తుంది. ఆ నంబరుతో కస్టమ్స్ దగ్గర 5106 ఫారం నింపితే దిగుమతిదారుగా నమోదవుతారు. దీనికీ ఫీజు లేదు, సాధారణంగా బ్రోకరే వేస్తాడు. బ్రోకర్ మీ తరఫున పని చేయాలంటే పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి, దాని ఫారం 5291. చట్టప్రకారం బ్రోకర్ తప్పనిసరి కాదు, మీ సరుకుకు మీరే కాగితాలు వేసుకోవచ్చు. కానీ మొదటిసారి అలా చేయకండి.

తర్వాత బాండు. సరుకు విలువ 2,500 డాలర్లు దాటితే పూర్తి స్థాయి ఎంట్రీ (సరుకు దేశంలోకి తెస్తున్నట్టు కస్టమ్స్‌కు ఇచ్చే ప్రకటన) కావాలి, దానికి కస్టమ్స్ బాండు, అంటే కట్టాల్సింది కడతామన్న హామీ పత్రం ఉండాలి. ఒక్క షిప్‌మెంటే కదా, ఒక్కసారి బాండు చవక అనుకుంటాం. కాఫీ విషయంలో ఆ లెక్క తిరగబడుతుంది. ఆహార పదార్థం కాబట్టి దీని మీద ఎఫ్‌డీఏ (ఆహార, ఔషధాల నియంత్రణ సంస్థ) నిబంధనలు కూడా ఉంటాయి. ఇలా వేరే శాఖ పరిధిలోకి వచ్చే సరుకుకు ఒక్కసారి బాండు మొత్తం సాధారణంగా విలువకు మూడింతలు. 60,000 డాలర్ల కాఫీకి 1,80,000 డాలర్ల బాండు అన్నమాట. అదే ఏడాది పొడవునా పనిచేసే బాండు కనీస మొత్తం 50,000 డాలర్లు, దానికి మీరు కట్టే ప్రీమియం ఏడాదికి కొన్ని వందల డాలర్లలో తేలుతుంది. రెండు షిప్‌మెంట్లు ఉన్నాయంటే రెండో ఆలోచన లేకుండా ఏడాది బాండే.

అన్నిటికంటే ముందు మొదలుపెట్టాల్సింది, అందరూ ఆఖరికి గుర్తు చేసుకునేది డన్స్ నంబరు, అంటే డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ అనే కంపెనీ వ్యాపారాలకు ఇచ్చే గుర్తింపు నంబరు. విదేశీ సరఫరాదారు తనిఖీ కార్యక్రమం అని ఎఫ్‌డీఏ నియమం ఒకటుంది, ఎఫ్‌ఎస్‌వీపీ అంటారు. దాని ప్రకారం ప్రతి ఎంట్రీలోనూ బాధ్యుడైన దిగుమతిదారు పేరు, ఈమెయిల్, డన్స్ నంబరు ఉండాలి. ఒకప్పుడు నంబరు లేకపోతే 'తెలియదు' అని పెట్టి గట్టెక్కేవాళ్లు. 2022 జులైతో ఆ వెసులుబాటు పోయింది. నంబరు ఉచితమే, కానీ ఉచిత దారిలో వారాలు పట్టవచ్చు. సరుకు ఓడలో ఉండగా దీనికి అప్లై చేస్తే వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఎఫ్‌ఎస్‌వీపీ అంటే నంబరొక్కటే కాదు, మీ దగ్గర ఒక ఫైలు ఉండాలి. గింజలో ఏ ప్రమాదాలు ఉండొచ్చు (బూజు, దాని నుంచి పుట్టే ఓక్రాటాక్సిన్ అనే విషం, పురుగుమందుల అవశేషాలు), అమ్మేవాడు వాటిని ఎలా అదుపు చేస్తున్నాడు అని రాసి పెట్టుకోవాలి. ఏటా సగటున పది లక్షల డాలర్ల లోపు ఆహార వ్యాపారం ఉన్న చిన్న దిగుమతిదారులకు పని తేలిక. సరఫరాదారు నుంచి రాతపూర్వక హామీ తీసుకుని, కనీసం రెండేళ్లకోసారి మళ్లీ తీసుకుంటే చాలు. ఆ పది లక్షల పరిమితిని ద్రవ్యోల్బణాన్ని బట్టి సవరిస్తుంటారు. ఈ ఫైలును ముందుగా ఎక్కడా పంపనక్కర్లేదు, తనిఖీ అధికారి అడిగిన రోజు చూపాలి. అడగరులే అని ఊరుకుని దొరికిపోయేవాళ్లు ఎక్కువ.

ఎగుమతిదారు వైపు ఒక పని ఉంది. గింజలు ఆరబెట్టి, పొట్టు తీసి, నిల్వ చేసే మిల్లు లేదా గోదాం ఎఫ్‌డీఏ దగ్గర ఆహార కేంద్రంగా నమోదై ఉండాలి. రైతు పొలానికి ఇది వర్తించదు. విదేశీ కేంద్రానికి అమెరికాలో ఒక ఏజెంట్ ఉండాలి. నమోదు ఉచితం. సరి సంఖ్య సంవత్సరాల్లో అక్టోబర్ 1 నుంచి డిసెంబర్ 31 లోపు పునరుద్ధరించుకోవాలి, లేదంటే నమోదు చెల్లదు. ఇథియోపియా కోతలు కూడా సరిగ్గా అక్టోబర్‌లో మొదలవుతాయి. మిల్లులో ఊపిరాడని పని, ఈ పునరుద్ధరణ మరిచిపోవడం అందుకే సహజం. జనవరిలో ఒకసారి అడిగి నమోదు నంబరు చెల్లుబాటులో ఉందో లేదో రూఢి చేసుకోండి. 'ఎఫ్‌డీఏ సర్టిఫికెట్' అని రంగుల సీలు వేసిన కాగితాన్ని ఎగుమతిదారు గర్వంగా పంపితే మురిసిపోకండి. నమోదుకు ఎఫ్‌డీఏ అసలు సర్టిఫికెట్లే ఇవ్వదు. అవి మధ్యలో డబ్బులు తీసుకునే కంపెనీలు అచ్చు వేసేవి.

శాంపిల్‌కి కూడా

300 గ్రాముల శాంపిలే కదా అని నేను మొదట్లో ఏమీ పట్టించుకోలేదు. అడిస్ అబాబా నుంచి కొరియర్‌లో నాలుగు పొట్లాలు బయల్దేరాయి, ఒక్కొక్కటీ ఒక్కో వాషింగ్ స్టేషన్‌ది (కాఫీ పండ్ల గుజ్జు తీసి గింజలు కడిగే చోటు). ఇన్వాయిస్ మీద 'వ్యవసాయ శాంపిల్స్, విలువ లేదు' అని రాశారు. పెట్టె తొమ్మిది రోజులు ఆగింది. ఆహారం ఏదైనా, రుచి చూసి కొనడానికి తెప్పించే శాంపిల్ అయినా సరే, ఎఫ్‌డీఏకి ముందస్తు నోటీసు ఇవ్వాలి. విమానంలో వస్తే అది దిగడానికి నాలుగు గంటల ముందు. ఇన్వాయిస్ మీద 'వేయించని కాఫీ గింజలు, కాఫియా అరాబికా, 1.2 కిలోలు' అని ఉన్నది ఉన్నట్టు, ఎంతో కొంత విలువ వేసి రాయించండి. ఆ తర్వాత అలా రాయించిన ప్యాకెట్ ఒక్కటి కూడా నాకు ఆగలేదు. సొంత వాడకానికి సూట్‌కేసులో తెచ్చుకునే గింజలకు ఈ నోటీసు అక్కర్లేదు, కస్టమ్స్ దగ్గర చెబితే చాలు.

ఎగుమతిదారు నుంచి రావాల్సిన కాగితాలు

కమర్షియల్ ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్, ఆ దేశ మొక్కల సంరక్షణ శాఖ ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, పొగబెట్టినట్టు ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్, బరువు-నాణ్యత సర్టిఫికెట్. అంతర్జాతీయ కాఫీ సంస్థ నమూనాలో మూల ధ్రువపత్రం కూడా వస్తుంది. అమెరికా 2018లోనే ఆ సంస్థ ఒప్పందం నుంచి బయటికొచ్చింది కాబట్టి ఇక్కడ దాన్ని ఎవరూ అడగరు, ఫైల్లో పెట్టుకోండి. సంచి మీద ముద్రలో మూడు అంకెల గుంపులుంటాయి: దేశం, ఎగుమతిదారు, లాట్. ఇథియోపియాకి 010, కెన్యాకి 037. కాగితాల మీది లాట్ నంబరూ సంచి మీదిదీ ఒకటేనా అని లోడింగ్ ఫొటోలు తెప్పించుకుని చూడండి. సంచి మీద ఏ దేశపు ఉత్పత్తో ఇంగ్లిషులో రాసి ఉండాలి. చెక్క ప్యాలెట్లు వాడితే వాటి మీద వేడి చేసినట్టు అంతర్జాతీయ ముద్ర ఉండాలి. అది లేని ఒక్క ప్యాలెట్ వల్ల కంటైనర్ మొత్తం వెనక్కి పోయే ప్రమాదం ఉంది. ప్యాలెట్లు లేకుండా సంచులు నేల నుంచి పేర్పించుకుంటే ఈ గొడవే లేదు.

ఓడ ఎక్కడానికి 24 గంటల ముందు

దీని పేరు ఐఎస్‌ఎఫ్, దిగుమతిదారు భద్రతా సమాచారం. అమెరికాకు వచ్చే ఓడలోకి కంటైనర్ ఎక్కించడానికి 24 గంటల ముందే కస్టమ్స్‌కు అందాలి. అమ్మినవారు, కొన్నవారు, తయారీదారు, సరుకు చేరే చిరునామా, మూల దేశం, సరుకు ఏ రకమో చెప్పే ఆరంకెల హెచ్‌ఎస్ కోడ్ (మనకు 0901.11) వంటి పది వివరాలు. వాటిలో కంటైనర్ ఎక్కడ నింపారు, ఎవరు సర్దారు అనే రెండింటికి మాత్రం ఓడ ఇక్కడికి చేరడానికి 24 గంటల ముందు వరకు గడువుంది. ఆలస్యమైనా తప్పుగా ఇచ్చినా ఒక్కోదానికి 5,000 డాలర్ల దాకా వేయొచ్చు.

ఇథియోపియాకు సముద్రం లేదు. కంటైనర్ అడిస్ అబాబాలోనో మోజో డ్రై పోర్టులోనో నిండి, రోడ్డు మీదో రైల్లోనో జిబూటీ చేరుతుంది. అక్కడ ఒక ఓడ ఎక్కి, మధ్యలో ఇంకో రేవులో అమెరికా ఓడకు మారవచ్చు. గడువు లెక్క ఆ రెండో ఓడకు. కానీ ఏ ఓడ దొరుకుతుందో ముందు రోజు దాకా మారుతూనే ఉంటుంది, కాబట్టి జిబూటీ దాటకముందే వివరాలు బ్రోకర్‌కు ఇచ్చేయండి. తర్వాత దిద్దుకోవచ్చు. ఉగాండా, రువాండా కాఫీకి కూడా ఇలాంటి నేల ప్రయాణమే, మొంబాసా రేవుకో దార్ ఎస్ సలామ్‌కో.

ఎన్నాళ్లు

నా అనుభవంలో ఓడ మీద ఆరు నుంచి తొమ్మిది వారాలు. 2023 చివర ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక చాలా ఓడలు కేప్ ఆఫ్ గుడ్ హోప్ చుట్టూ తిరిగి రావడంతో దాదాపు రెండు వారాలు కలిశాయి. శాంపిల్ ఆమోదం, ఒప్పందం నమోదు, మిల్లింగ్, రేవు దాకా ప్రయాణం అన్నీ కలిపితే నాలుగైదు నెలలు అనుకుని ప్లాన్ చేసుకోండి. ఇథియోపియా వైపు ఒప్పందాన్ని అక్కడి కాఫీ, టీ ప్రాధికార సంస్థ దగ్గర నమోదు చేయాలి. ఆ దశలో ధర గురించి అభ్యంతరాలు వస్తే రోజులు కాదు, వారాలు గడుస్తాయి.

ఓడ దగ్గర పడ్డాక

ఎఫ్‌డీఏ ముందస్తు నోటీసు సముద్ర మార్గంలో రేవు చేరడానికి కనీసం ఎనిమిది గంటల ముందు పడాలి. ఎఫ్‌డీఏ సొంత పోర్టల్‌లో వేస్తే 15 రోజుల కంటే ముందు తీసుకోదు. బ్రోకర్ కస్టమ్స్ వ్యవస్థ ద్వారా వేస్తే 30 రోజుల ముందు నుంచి. ఫీజు లేదు. ఈ నోటీసులో కావాల్సింది మిల్లు నమోదు నంబరే, మీరు జనవరిలో అడిగింది ఇందుకే.

తర్వాత కస్టమ్స్ ఎంట్రీ, 3461 ఫారం. సరుకు దిగిన 15 రోజుల్లో వేయాలి. వేయకపోతే ప్రభుత్వం చెప్పిన గోదాముకు తరలిస్తారు, ఆరు నెలలు దాటితే వేలం. విడుదలైన పది పనిదినాల్లో 7501 ఫారం వేసి డబ్బు కట్టాలి.

ఎంత కట్టాలో కెన్యా కాఫీతో లెక్క చూద్దాం, విలువ 60,000 డాలర్లు. మామూలు సుంకం సున్నా. సరుకు ప్రాసెసింగ్ ఫీజు 0.3464 శాతం, అంటే 207.84 డాలర్లు. దీనికి కనిష్ఠ, గరిష్ఠ పరిమితులుంటాయి, ప్రతి అక్టోబర్‌లో మారుతాయి. హార్బర్ నిర్వహణ ఫీజు 0.125 శాతం, అంటే 75 డాలర్లు. మొత్తం 282.84. అంతే. 2025 ఏప్రిల్‌లో చాలా దేశాల మీద వేసిన 10 శాతం అదనపు సుంకం కెన్యా, ఇథియోపియా కాఫీకీ తగిలింది, అప్పుడు ఇదే కంటైనర్‌కు మరో 6,000 డాలర్లు. ఆ ఏడాది నవంబర్‌లో కాఫీని మినహాయించారు. ధర మాట్లాడుకునే రోజు ఒకసారి, ఎంట్రీ వేసే రోజు ఇంకోసారి సుంకం ఎంతో చూసుకోండి.

ప్రభుత్వానికి కట్టేది ఇంత తక్కువైనా జేబు ఖాళీ అయ్యేది మిగతా వాటితో. ఓడ రవాణా, బీమా, బ్రోకర్, రేవు నుంచి గోదాముకు లారీ. ఇవి ముందే తెలిసేవి. తెలియనిది తనిఖీ. ఎక్స్‌రే అయినా, తలుపు తెరిచి సంచులు దింపి చూసినా ఖర్చు మీదే, తప్పు మీది కాకపోయినా. పూర్తిగా దింపితే వెయ్యి డాలర్లు దాటడం మామూలే. ఈలోగా రేవులో ఉచిత రోజులు అయిపోతే రోజువారీ నిల్వ చార్జీ, కంటైనర్ అద్దె మొదలవుతాయి. నా మొదటి కంటైనర్ శుక్రవారం సాయంత్రం దిగింది. లారీవాడు మంగళవారానికి గానీ రాలేనన్నాడు. ఆ నాలుగు రోజులకు కట్టింది కస్టమ్స్ ఫీజుల కంటే ఎక్కువ. ఇప్పుడు ఓడ రావడానికి వారం ముందే లారీ మాట్లాడేస్తున్నాను, ఇద్దరితో.

సరుకు ఇంటికి చేరినా ఎంట్రీ మూసుకోలేదు. కస్టమ్స్ తుది లెక్క సాధారణంగా 314 రోజులకు తేలుతుంది, అప్పటిదాకా అదనంగా అడిగే హక్కు వాళ్లకుంది. కస్టమ్స్ కాగితాలు ఎంట్రీ తేదీ నుంచి ఐదేళ్లు, ఎఫ్‌ఎస్‌వీపీ ఫైలు రెండేళ్లు దాచాలి. నేను ఒక్కో లాట్‌కు ఒక్కో ఫోల్డర్ పెట్టి, ఆ సంచి మీది నంబరునే దానికి పేరుగా పెట్టుకున్నాను.