వైమానిక సలహాదారుగా విదేశానికి కొత్తగా వచ్చినవారికి సూచనలు

మరో దేశపు వైమానిక దళానికి సలహాదారుగా నియమితులై వచ్చినవారు మొట్టమొదట మనసులో స్థిరపరచుకోవలసిన విషయం ఒకటుంది. ఇక్కడి విమానాలు మీవి కావు, ఇక్కడి ఆదేశాలు మీరిచ్చేవి కావు. మీ సొంత స్క్వాడ్రన్‌లో ఎంతటి హోదాలో పనిచేసి వచ్చినా, భాగస్వామి దళంలో చిట్టచివరి సిపాయి మీద కూడా మీకు ఆజ్ఞాధికారం ఉండదు. మీరు చెప్పింది నచ్చితే ఆచరిస్తారు, నచ్చకపోతే మర్యాదగా తల ఊపి తమ పద్ధతిలో తాము చేసుకుపోతారు. మీరు పక్కన ఉన్న కాలంలో ఎన్ని సార్టీలు (ఒక్కో విమానం ఒక్కో పని మీద ఎగిరి రావడం) ఎగిరాయో లెక్కగట్టి పై అధికారులకు పంపడం తేలిక. మీరూ, మీతో వచ్చిన కాంట్రాక్టర్లూ (విమానాల మరమ్మతులు చూసే ప్రైవేటు సంస్థల నిపుణులు) వెళ్లిపోయిన మరుసటి నెలలో ఎన్ని ఎగురుతాయన్నదే మీ పనికి అసలు కొలత. ఈ సూచనలన్నీ ఆ కొలతను దృష్టిలో ఉంచుకొని రాసినవే.

ఈ పని కొత్తగా పుట్టుకొచ్చింది కాదు. 1959లో ఘనా వైమానిక దళం ప్రాణం పోసుకున్నప్పుడు దాని వెనుక భారత వైమానిక దళ అధికారులు, ఇజ్రాయెల్ శిక్షకులు ఉన్నారు. అమెరికా వైమానిక దళం 1994లో 6వ స్పెషల్ ఆపరేషన్స్ స్క్వాడ్రన్‌ను ప్రత్యేకంగా ఈ పనికే కేటాయించింది. ఇటీవలి కాలంలో అన్నిటికంటే పెద్ద ప్రయత్నం అఫ్గానిస్తాన్‌లో జరిగింది. దాని మంచిచెడ్డలు బహిరంగ నివేదికల్లో విస్తారంగా నమోదై ఉన్నాయి గనుక ఇక్కడ చెప్పే ఉదాహరణల్లో ఎక్కువ భాగం అక్కడివే. మీరు ఏ దేశానికి వెళ్లినా అవి పనికొస్తాయి.

మొదటి వారం కాగితాల పనితో గడుస్తుంది. రెండు ప్రభుత్వాల మధ్య ఉన్న బలగాల హోదా ఒప్పందం మీకు ఏ రక్షణలు ఇస్తుందో, ఏ నేరానికి ఏ దేశపు న్యాయస్థానం విచారిస్తుందో, భాగస్వామి విమానంలో ఎగరడానికి మీకు అనుమతి ఉందో లేదో, ఉంటే సిబ్బందిగానా ప్రయాణికుడిగానా అన్నది వచ్చిన రోజుల్లోనే రాతపూర్వకంగా తెలుసుకోండి. టీకాలు, బస, నిద్ర, కుటుంబంతో మాట్లాడే వేళలు వంటివి మీకంటే ముందు వచ్చినవారు ఒక పూటలో చెప్పేస్తారు.

మీకు జతగా కేటాయించిన అధికారిని తొలిసారి కలిసినప్పుడు సంస్కరణల జాబితా పట్టుకొని వెళ్లవద్దు. ఆయన మీకంటే వయసులోనూ అనుభవంలోనూ పెద్దవారయ్యే అవకాశం ఎక్కువ. పైగా మీకు ముందు వచ్చిన సలహాదారులు ఒక్కొక్కరు ఒక్కో జాబితాతో వచ్చి, కొన్ని నెలలకే వెళ్లిపోవడం ఆయన చూసి ఉంటారు. ఆరు నెలలకో ఏడాదికో మారిపోయే మనిషి మాట మీద పదేళ్లుగా అక్కడే ఉన్న మనిషి వెంటనే నమ్మకం పెట్టుకోకపోతే తప్పు పట్టలేం. కాబట్టి మొదటి కొన్ని సమావేశాలను ఆయన దళం గురించి, ఆయన ఎగిరిన విమానాల గురించి, పోగొట్టుకున్న సహచరుల గురించి వినడానికే కేటాయించండి. హ్యాంగర్ చూపించమని అడగండి. కాగితం మీద పది విమానాలున్న స్క్వాడ్రన్‌లో నిజంగా ఎగరగలిగేవి ఎన్నో, మిగిలినవి ఏ భాగం కోసం ఎదురుచూస్తున్నాయో అక్కడ నిలబడితే ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

భాగస్వామికి ఏమీ తెలియదన్న భావనతో వచ్చిన సలహాదారు ఎక్కువ కాలం నిలవలేడు. దీనికి ఎంఐ-17 హెలికాప్టర్ మంచి ఉదాహరణ. సోవియట్ కాలం నుంచి ఈ తరగతి హెలికాప్టర్లను నడిపిన అఫ్గాన్ పైలట్లు వేల గంటల అనుభవంతో, కాబూల్ వంటి ఎత్తైన చోట్ల, గాలి పలచబడి ఇంజిన్ బలం తగ్గే వేసవి మధ్యాహ్నాల్లో, కొండ అంచుల మీద దిగినవారు. కాబూల్ విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 1,790 మీటర్ల ఎత్తులో ఉంది. అటువంటి పైలట్‌కు పర్వతాల్లో ఎగరడం నేర్పబోవడం అవివేకం. అయితే మేఘాల్లో పరికరాల ఆధారంగా ఎగరడం, రాత్రి దృష్టి పరికరాలతో ఎగరడం, ముందుగా ప్రణాళిక వేసుకొని సిబ్బంది అందరితో చర్చించుకోవడం వంటివాటిలో ఆయనకు తర్ఫీదు తక్కువగా ఉండవచ్చు. అక్కడే మీ అవసరం ఉంటుంది.

కాక్‌పిట్‌లో తేడాలను కూడా శ్రద్ధగా గమనించాలి. పాత సోవియట్ తరహా పరికరాల్లో ఎత్తు మీటర్లలో, వేగం గంటకు కిలోమీటర్లలో ఉంటుంది. విమానం ఏ పక్కకు వాలిందో చూపే పరికరంలో క్షితిజరేఖ స్థిరంగా ఉండి విమానపు గుర్తు వాలుతుంది. పాశ్చాత్య పరికరాల్లో విమానపు గుర్తు స్థిరంగా ఉండి రేఖ వాలుతుంది. ఒకదానికి అలవాటుపడిన కన్ను మరొకదాన్ని ఆపత్సమయంలో తలకిందులుగా చదివే ప్రమాదం ఉంది. ఎంఐ-17 రోటర్ (నెత్తిన తిరిగే రెక్కలు) పైనుంచి చూస్తే గడియారపు ముల్లు దిశలో తిరుగుతుంది, అమెరికా హెలికాప్టర్ యూహెచ్-60 రోటర్ అందుకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. అందువల్ల ఇంజిన్ శక్తి పెంచినప్పుడు ఒకదానిలో కుడి పెడల్, మరొకదానిలో ఎడమ పెడల్ తొక్కవలసి వస్తుంది. 2017 నుంచి అఫ్గాన్ దళాన్ని ఎంఐ-17 నుంచి యూహెచ్-60కి మార్చడం మొదలుపెట్టినప్పుడు, ఇరవై ఏళ్లుగా పాదాల్లో ఇంకిపోయిన అలవాటును ఆ పైలట్లు తిరగరాసుకోవలసి వచ్చింది. ఇటువంటి మార్పును కొద్ది వారాల కోర్సుగా చూసే ప్రణాళిక మీ ముందుకు వస్తే, దానికి మరింత సమయం కావాలని గట్టిగా చెప్పే బాధ్యత మీదే.

దుభాషితో పనిచేయడం ఒక విద్య. మాట్లాడేటప్పుడు అధికారి కళ్లలోకి చూసి మాట్లాడండి, దుభాషి వైపు తిరిగి "ఈయనకు ఇలా చెప్పు" అనడం ఇద్దరినీ కించపరుస్తుంది. వాక్యాలు చిన్నవిగా ఉంచి, ఒక్కో విషయం దగ్గర ఆగండి. సమావేశానికి అరగంట ముందు దుభాషితో కూర్చొని చెప్పబోయే విషయాలు, సాంకేతిక పదాలు ఒకసారి సరిచూసుకోండి. హైడ్రాలిక్ ఒత్తిడి గురించి ఎన్నడూ వినని మనిషి దాన్ని సరిగా చేరవేయాలని ఆశించకూడదు. దుభాషి స్థానికుడైతే మీరు ఇంటికి వెళ్లిపోయిన తరువాత కూడా ఆ ఊళ్లోనే బతకవలసినవాడు. ఆయన పేరు, ఇల్లు, కుటుంబం గురించిన వివరాలు ఎక్కడా బయటపడకుండా చూడాలి.

ఇక అన్నిటికంటే ఎక్కువ సమయం కేటాయించవలసిన విషయం విమానాల నిర్వహణ. పైలట్ శిక్షణ అందరి కంటికీ కనిపిస్తుంది, ఫొటోల్లోకి ఎక్కుతుంది. విమానం మాత్రం విడిభాగాలతో, కాగితాలతో, టెక్నీషియన్ల చేతుల్లో బతుకుతుంది. అఫ్గానిస్తాన్ కోసం కొన్న జీ-222 రవాణా విమానాల కథ ప్రతి సలహాదారూ తెలుసుకొని ఉండాలి. పాతవాటిని బాగుచేయించి 20 విమానాలు కొన్న ఆ కార్యక్రమానికి సుమారు 54.9 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. విడిభాగాలు అందక, నిర్వహణ సాగక అవి ఎగరవలసినన్ని గంటలు ఎగరలేదు. చివరికి 2014లో వాటిలో 16 విమానాలను కాబూల్‌లోనే ముక్కలు చేసి తుక్కుగా అమ్మేశారు. మరో దేశం వదిలించుకున్న, తయారీ ఆగిపోయిన విమానాన్ని తెచ్చి కొత్త దళం చేతిలో పెడితే దాని విడిభాగాల కోసం ఆ దళం జీవితాంతం వెతుక్కోవాలి. ఏ విమానం కొనాలన్న నిర్ణయం మీ చేతిలో ఉండకపోవచ్చు గాని, ఏది నిలుస్తుందో ఏది నిలవదో రాసి పంపడం మీ చేతిలోనే ఉంది.

ఎంఐ-17 విషయంలో అఫ్గాన్ టెక్నీషియన్లు పనిలో పెద్ద భాగం తామే చేసుకోగలిగే స్థితికి వచ్చారు. యూహెచ్-60 వచ్చాక ఆ పని చాలావరకు కాంట్రాక్టర్ల చేతుల్లోకి వెళ్లింది. 2021లో అంతర్జాతీయ బలగాలతో పాటు కాంట్రాక్టర్లు కూడా వెళ్లిపోవడంతో, యుద్ధం అతి తీవ్రంగా ఉన్న నెలల్లోనే ఎగరగలిగే విమానాల సంఖ్య పడిపోసాగింది. దేశం బయట ఉన్న నిపుణులు వీడియో కాల్‌లో చూపిస్తూ ఉంటే అఫ్గాన్ టెక్నీషియన్లు మరమ్మతు చేయవలసిన పరిస్థితి వచ్చింది. ఎన్నో ఏళ్ల శ్రమ ఇలా చేజారిపోవడం చదివితే ఇప్పటికీ బాధ కలుగుతుంది. అందుకే కాంట్రాక్టర్ పానా అందుకోబోయే ప్రతిసారీ, ఆ పనిని స్థానిక టెక్నీషియన్ చేయగలడా అని అడగడం అలవాటు చేసుకోండి. ఆయన చేస్తే రెండింతల సమయం పడుతుంది, ఆ రోజు ఒక సార్టీ తప్పిపోవచ్చు. ఆ నష్టాన్ని భరించడానికి మీ పై అధికారులను ముందే ఒప్పించి ఉంచాలి.

హ్యాంగర్‌లో ముందుగా చూడవలసింది పనిముట్ల పలక. ప్రతి పనిముట్టుకూ పలక మీద దాని ఆకారంలోనే ఒక గుర్తు గీసి ఉంటుంది. పని ముగిశాక ఏ గుర్తు ఖాళీగా కనబడినా ఆ పనిముట్టు దొరికేదాకా విమానాన్ని కదలనివ్వకూడదు, ఎందుకంటే అది ఇంజిన్ లోపలో, కంట్రోల్ తీగల మధ్యో ఉండిపోయి ఉండవచ్చు. ఈ ఒక్క క్రమశిక్షణ బాగా కుదిరిన చోట మిగతా పద్ధతులు కూడా మెల్లగా కుదురుకుంటాయని నా నమ్మకం. తరువాత ఒక విడిభాగపు అభ్యర్థన కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా వెంబడించి చూడండి. టెక్నీషియన్ రాసిన ఆ కాగితం ఎవరి బల్ల మీద ఆగుతుందో, ఎవరి సంతకం లేక వారాల తరబడి పడి ఉంటుందో, గిడ్డంగిలో ఉన్న భాగం కూడా ఎందుకు బయటికి రాదో తెలుస్తుంది. గిడ్డంగి అధికారి భాగాన్ని దాచుకున్నాడంటే దురాశ అనుకోవద్దు. ఇచ్చేస్తే మరొకటి ఎప్పటికి వస్తుందో తెలియని వ్యవస్థలో దాచుకోవడమే తెలివైన పనిగా తోస్తుంది. సరఫరా మీద ఆయనకు నమ్మకం కుదిరితే తాళం తనంతట తానే తెరుచుకుంటుంది.

భాగస్వామి ప్రాధాన్యాలు మీ ప్రాధాన్యాలతో సరిపోలకపోవచ్చు. అఫ్గాన్ రవాణా విమానాలు క్షతగాత్రులతో పాటు మరణించిన సైనికుల దేహాలను కూడా వారి ఊళ్లకు చేర్చేవి. లెక్కల దృష్టితో చూసేవారికి అవే గంటలు సరుకు రవాణాకు వాడవచ్చుననిపిస్తుంది. తన దేహం తల్లిదండ్రుల దగ్గరికి చేరుతుందన్న భరోసా లేని సైనికుడు దూరపు శిబిరంలో నిలబడి పోరాడతాడా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పగలిగితేనే ఆ ప్రాధాన్యాన్ని మార్చమని అడగండి. బంధువులనో, కమాండర్ అతిథులనో విమానంలో ఎక్కించడం, ఇంధనం దారి మళ్లించడం వంటివి వేరే సంగతి. అవి కనబడితే నలుగురిలో నిలదీయకుండా అధికారితో ఏకాంతంగా మాట్లాడి, మీ పై అధికారులకు యథాతథంగా నివేదించండి.

భద్రత గురించి సూటిగా చెప్పాలి. 2011 ఏప్రిల్ 27న కాబూల్ విమానాశ్రయంలోని అఫ్గాన్ వైమానిక దళ స్థావరంలో ఒక అఫ్గాన్ వైమానిక అధికారి జరిపిన కాల్పుల్లో ఎనిమిది మంది అమెరికా వైమానిక సిబ్బంది, ఒక కాంట్రాక్టరు చనిపోయారు. వారు సలహాదారులుగా పనిచేస్తున్నవారే. తరువాతి సంవత్సరాల్లో సలహాదారులు సమావేశంలో ఉన్నంతసేపు వారి జట్టులోని ఒకరు సాయుధులై, చర్చలో పాల్గొనకుండా, గదిలోని చేతుల మీదనే దృష్టి పెట్టి ఉండే పద్ధతి స్థిరపడింది. మీకు ఆ బాధ్యత అప్పగిస్తే మరో పని పెట్టుకోవద్దు. అదే సమయంలో, ఆ ఆయుధం ఎందుకుందో మీ జత అధికారికి మీరే ముందుగా, గౌరవంగా వివరించండి. తమ ఇంట్లో తమనే అనుమానిస్తున్నారన్న భావన మనసులో పెరగనివ్వకూడదు. ఎవరి ప్రవర్తనలోనైనా ఆకస్మిక మార్పు, తీవ్రమైన అవమానం, కుటుంబంలో విషాదం వంటివి ముందుగా గుర్తించేవారు తరచుగా ఆ దళంలోని స్నేహితులే, వారితో మీకున్న సాన్నిహిత్యమే మీకు గట్టి కాపలా.

శిక్షణ పొందుతున్న పైలట్ల ఫొటోలు, పేర్లు బయటపెట్టే విషయంలో పరమ జాగ్రత్త అవసరం. 2012లో శిక్షణ పూర్తి చేసుకొని అఫ్గాన్ దళంలో తొలి మహిళా ఫిక్స్‌డ్-వింగ్ (హెలికాప్టర్ కాకుండా స్థిరమైన రెక్కలున్న విమానం) పైలట్‌గా పేరుపొందిన నిలోఫర్ రహ్మానీకీ, ఆమె కుటుంబానికీ ప్రాణ బెదిరింపులు వచ్చాయి, చివరికి ఆమె అమెరికాలో ఆశ్రయం పొందవలసి వచ్చింది. మీ దళపు ప్రచార విభాగం అందమైన ఫొటో కావాలని అడిగినప్పుడు, ఆ మనిషి అనుమతి, ఆమె ఇంటివారి క్షేమం ముందు తేల్చుకోండి.

దాడులు చేసే విమానాలున్న దళానికి సలహా ఇస్తున్నట్లయితే, లక్ష్యం ఎవరు నిర్ణయించారు, పౌరులు ఉన్నారో లేదో ఎలా నిర్ధారించారు, బాంబు వేయకుండా తిరిగి వచ్చిన పైలట్‌ను కమాండర్ మెచ్చుకుంటున్నాడా చీవాట్లు పెడుతున్నాడా అన్నది గమనించండి. వేయకుండా తిరిగి రావడం కూడా మంచి నిర్ణయమేనని కమాండర్ చేత అందరి ముందూ అనిపించగలిగితే అది మీరు ఇవ్వగల గొప్ప శిక్షణల్లో ఒకటి. మానవ హక్కుల తీవ్ర ఉల్లంఘనలకు పాల్పడినట్లు విశ్వసనీయ సమాచారం ఉన్న విదేశీ దళాలకు సహాయం ఇవ్వరాదని అమెరికాలో లేహీ చట్టం నిర్దేశిస్తుంది. మీ దేశపు చట్టం ఏమంటుందో ముందే చదువుకొని రండి, చూసినదాన్ని రాయడానికి వెనుకాడవద్దు.

నివేదికల విషయంలోనూ ఇదే నిజాయితీ కావాలి. దళం స్థితిని రంగుల్లో చూపే నివేదికలో మీరు వచ్చినప్పుడు పసుపు రంగులో ఉన్న గడి మీరు వెళ్లేనాటికి ఆకుపచ్చగా మారాలన్న ఒత్తిడి ప్రతి సలహాదారు మీదా ఉంటుంది. కాంట్రాక్టర్లు సాయం చేస్తే ఎగిరిన సార్టీలను, భాగస్వామి తనంతట తాను ఎగిరించిన సార్టీలను వేరువేరు వరుసల్లో చూపించండి. రెండో వరుస చిన్నదిగా కనిపించినా మీ తరువాత వచ్చేవారికి పనికొచ్చేది అదే.

మీ గడువు ముగిసే ముందు కనీసం రెండు వారాలు మీ స్థానంలో వచ్చేవారితో కలిసి పనిచేసేలా పట్టుబట్టండి. వారిని మీ జత అధికారి దగ్గరికి మీరే తీసుకువెళ్లి పరిచయం చేయండి. ఏ మాట ఇచ్చారో, అందులో ఏది నెరవేరిందో, ఏది ఇంకా బాకీ ఉందో ఆయన ఎదుటే, దుభాషి సమక్షంలో చదివి వినిపించి, ఆ కాగితం ప్రతిని ముగ్గురూ ఉంచుకోండి. మీతో పనిచేసిన దుభాషులకు వారి సేవా కాలాన్ని, చేసిన పనిని ధ్రువీకరించే లేఖలు సంతకంతో ఇచ్చి, నకళ్లు మీ దగ్గర భద్రపరచండి. వారు తరువాత వీసాకో, మరో ఉద్యోగానికో దరఖాస్తు చేసుకునే రోజున మిమ్మల్ని వెతికి పట్టుకోగలిగేలా మారని చిరునామా ఒకటి అందులో రాసి ఇవ్వండి.