పక్షి రక్తంలో హెటెరోఫిల్స్ పెరిగాయి: ఇన్ఫెక్షనా, ఒత్తిడా?

సమస్య: పక్షి ఈకలు ఉబ్బించుకుని మూలన కూర్చుంటోంది. రక్తపరీక్ష రిపోర్టులో హెటెరోఫిల్స్ ఎక్కువ, లింఫోసైట్లు తక్కువ (రెండూ తెల్లరక్తకణాల్లో రకాలే). ఇది చూడగానే యాంటీబయాటిక్ మొదలుపెట్టేస్తారు. దయచేసి ఆగండి. ఈ రెంటి నిష్పత్తి ఒక్కటే ఏదీ తేల్చదు.

కారణం: మనలో న్యూట్రోఫిల్స్ చేసే పని పక్షుల్లో హెటెరోఫిల్స్ చేస్తాయి. బాక్టీరియా చొరబడితే ముందు చేరేవి ఇవే. అయితే ఎండ, ఆకలి, ఇరుకు, ప్రయాణం వల్ల కార్టికోస్టిరాన్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగినా ఇవి పెరుగుతాయి, లింఫోసైట్లు తగ్గుతాయి. అందుకే 1983లో గ్రాస్, సీగెల్ అనే పరిశోధకులు ఈ నిష్పత్తిని కోళ్లలో ఒత్తిడికి కొలమానంగా ప్రతిపాదించారు. పట్టుకున్న కొద్ది నిమిషాల్లోనే హార్మోన్ పెరుగుతుంది. కణాల లెక్క మారడానికి మాత్రం ఇంకా సమయం పడుతుంది. కాబట్టి పట్టిన వెంటనే రక్తం తీస్తే మేలు. గంటలకొద్దీ బుట్టలో ఉంచి తీస్తే ఆ ప్రయాణపు టెన్షనే రిపోర్టులో కనిపిస్తుంది.

ఎలా తేల్చాలి: రక్తపు చుక్క పరిచిన స్లైడ్‌ను మైక్రోస్కోప్‌లో చూడమని అడగండి. నా దృష్టిలో అసలు సమాధానం అక్కడే ఉంటుంది. ఒత్తిడి ఒక్కటే అయితే హెటెరోఫిల్స్ పరిపక్వంగా, నారింజ-ఎరుపు రేణువులతో మామూలుగానే ఉంటాయి. తీవ్రమైన బాక్టీరియా ఇన్ఫెక్షన్‌లో కణద్రవ్యం నీలంగా మారుతుంది, రేణువులు తగ్గుతాయి, బుడగల్లాంటి ఖాళీలు వస్తాయి, పూర్తిగా ఎదగని పచ్చి కణాలూ రక్తంలోకి వచ్చేస్తాయి. ఇలాంటి కణాలుండి మొత్తం లెక్క తక్కువగా ఉంటే ఇంకా ప్రమాదం: ఖర్చవుతున్నంత వేగంగా ఎముక మజ్జ కొత్తవి తయారు చేయలేకపోతోందన్నమాట.

పరిష్కారం: ఒత్తిడి అయితే దాని మూలం తీసేసి, కొన్నాళ్లకు మళ్లీ పరీక్ష చేయించండి. ఇన్ఫెక్షన్ అయితే కల్చర్ (ఏ బాక్టీరియానో పెంచి చూసే పరీక్ష) చేయించి, సరిపడే మందు పశువైద్యుల చేత రాయించుకోండి. పల్చటి చీము లేదని నిశ్చింతగా ఉండొద్దు. హెటెరోఫిల్స్‌లో మైలోపెరాక్సిడేజ్ ఎంజైమ్ ఉండదు, అందుకే పక్షుల చీము కరగక జున్నులా గడ్డకడుతుంది. మందు దాని లోపలికి సరిగా వెళ్లదు, చాలాసార్లు గడ్డను కోసి తీయాల్సిందే.

తెల్లకణాల లెక్క నమ్మలేనంత ఎక్కువ వస్తే: మనుషుల రక్తానికి వాడే యంత్రంలో పెట్టారేమో కనుక్కోండి. పక్షుల ఎర్రకణాల్లోనూ కేంద్రకం ఉంటుంది కనుక యంత్రం పొరబడుతుంది. చేత్తో లెక్కపెట్టించండి.

మోనోసైట్లు (మరో రకం తెల్లకణాలు) పెరిగితే: దీర్ఘకాలిక జబ్బును, ముఖ్యంగా పక్షుల క్షయను అనుమానించండి.