కోల్‌కతా చిత్రోత్సవానికి వెళ్లేవారికి: నందన్ వరుసల నుంచి పుస్తకాల మేళా దాకా

కోల్‌కతాలో ఏటా జరిగే పెద్ద వేడుకలన్నిటినీ ఒక్క ప్రయాణంలోనే చూసి రావాలని బయలుదేరేవారు సాధారణంగా దేన్నీ సరిగా చూడకుండానే తిరిగి వస్తారు. దుర్గాపూజ మన దసరా రోజుల్లోనే వస్తుంది. అంతర్జాతీయ చలనచిత్రోత్సవం నవంబరులోనో డిసెంబరులోనో వారం రోజులపాటు జరుగుతుంది. డిసెంబరు చివర పార్క్ స్ట్రీట్‌లో క్రిస్మస్ దీపాలు వెలుగుతాయి. జనవరి 22 నుంచి 25 వరకు డోవర్ లేన్ సంగీత సభలు, అదే రోజుల్లోనో ఆ వెంటనేనో పుస్తకాల మేళా ఉంటాయి. సినిమా మీద ఇష్టంతో వెళ్లేవారు చిత్రోత్సవానికే వారం రోజులు పూర్తిగా కేటాయించి, తక్కినవాటిని మరో ఏటికి దాచుకోవడం మేలు. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆ వారం గురించే రాస్తున్నాను.

చిత్రోత్సవం తేదీలు ఏటా ఒకేలా ఉండవు. 2023లో డిసెంబరు 5 నుంచి 12 వరకు, 2024లో డిసెంబరు 4 నుంచి 11 వరకు జరిగిన ఉత్సవం, 2025లో నవంబరు 6 నుంచి 13 వరకు జరిగింది. నిరుటి తేదీలను నమ్ముకుని సెలవు పెట్టినవారికి ఊరు మాత్రమే మిగులుతుంది. రైలు రిజర్వేషన్లు ఇప్పుడు అరవై రోజుల ముందే మొదలవుతాయి కనుక, తేదీల ప్రకటన చూసి టికెట్టు తీసుకోవడమే క్షేమం. సికింద్రాబాదు నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ హౌరాకు చేరుస్తుంది. విజయవాడ, రాజమండ్రి, విశాఖల మీదుగా వెళ్లే కోరమాండల్ మాత్రం ఇప్పుడు హౌరాకు కాక షాలిమార్‌కు వెళ్తుంది. షాలిమార్‌లో దిగినవారికి మెట్రో చేరువలో ఉండదు. సామానుతో టాక్సీ వెతుక్కోవడం ఇష్టంలేనివారు టికెట్టు మీద గమ్యస్థానం పేరు ముందే చూసుకోవాలి.

హౌరా స్టేషనులో దిగినవారికి ప్రయాణం ఇప్పుడు చాలా తేలికైంది. 2024 మార్చి నుంచి హుగ్లీ నది అడుగున సొరంగంలో మెట్రో నడుస్తోంది. అక్కడ ఎక్కి ఎస్‌ప్లనేడ్‌లో ఉత్తర దక్షిణ మార్గానికి మారితే, మరి కొద్ది నిమిషాల్లో ఉత్సవం జరిగే నందన్ పక్కనున్న రవీంద్ర సదన్ స్టేషనుకు చేరుకోవచ్చు. దేశంలో మొట్టమొదటి మెట్రో 1984 అక్టోబరులో ఎస్‌ప్లనేడ్, భవానీపూర్‌ల మధ్య మొదలైనప్పుడు ఉన్న అయిదు స్టేషన్లలో రవీంద్ర సదన్ కూడా ఒకటి. బస కూడా ఈ ఉత్తర దక్షిణ మెట్రో మార్గానికి నడిచి వెళ్లగలిగేంత దూరంలోనే చూసుకోవాలి. గది కాస్త చవకగా దొరికిందని ఊరి చివర దిగితే, రాత్రి చివరి ఆట చూడడానికి మనసు ఒప్పుకోదు.

ఉత్సవానికి గుండెకాయ నందన్. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం కట్టించిన ఈ సినిమా కేంద్రాన్ని 1985 సెప్టెంబరులో సత్యజిత్ రాయ్ ప్రారంభించారు. దాని చిహ్నాన్ని గీసింది కూడా ఆయనే. చిత్రోత్సవం 1995లో మొదలైంది. నందన్‌లో ఒక పెద్ద హాలు, రెండు చిన్న హాళ్లు ఉన్నాయి. అదే ఆవరణలో రవీంద్ర సదన్, శిశిర్ మంచ్, బంగ్లా అకాడమీ, గగనేంద్ర చిత్రశాల ఉండగా, పక్కనే లలితకళల అకాడమీ, ఆపైన సెయింట్ పాల్ కెథడ్రల్ కనిపిస్తాయి. ఉత్సవం ఈ ఆవరణకే పరిమితం కాదు. సాల్ట్ లేక్‌లోని రవీంద్ర ఒకాకురా భవన్, న్యూ టౌన్‌లోని నజ్రుల్ తీర్థ వంటి చోట్ల కూడా ప్రదర్శనలు జరుగుతాయి. కొత్తగా వెళ్లినవారు తప్పటడుగు వేసేది ఇక్కడే. పట్టికలో మధ్యాహ్నం నందన్‌లో ఒక చిత్రం, సాయంత్రం న్యూ టౌన్‌లో మరో చిత్రం గుర్తు పెట్టుకుని, మధ్యలో ఉన్న గంటన్నర సరిపోతుందనుకుంటారు. కోల్‌కతా సాయంత్రపు రద్దీలో ఆ గంటన్నర రోడ్డు మీదే కరిగిపోతుంది. ఏ రోజుకు ఏ ఆవరణ అన్నది పొద్దున్నే నిర్ణయించుకుని, రాత్రి దాకా దాన్ని వదలకుండా ఉండాలి.

ఇక ప్రవేశం సంగతి. డెలిగేట్ కార్డు కోసం ఉత్సవానికి ముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవలసి ఉంటుంది. నిబంధనలు, గడువులు ఏటేటా మారుతుంటాయి కాబట్టి ఉత్సవం వారి అధికారిక ప్రకటనలనే చూడాలి తప్ప, నిరుడు వెళ్లివచ్చిన స్నేహితుడి మాట మీద ఆధారపడకూడదు. కార్డు చేతికొచ్చాక గుర్తుంచుకోవలసినది ఒక్కటే: అది వరుసలో నిలబడే హక్కునిస్తుంది కానీ కుర్చీని ఇవ్వదు. ముందు వచ్చినవారికే చోటు. కాన్, వెనిస్, బెర్లిన్‌లలో బహుమతి పొందిన చిత్రమైతే గంట ముందు నిలబడినా సీటు దొరక్కపోవచ్చు. ఆ వరుసను శిక్షగా భావించేవారికి ఈ ఉత్సవం రుచించదు. తిరుమలలో గంటల తరబడి కంపార్టుమెంట్లలో కూర్చున్న మనవాళ్లకు వరుస కొత్తేమీ కాదు. కాకపోతే ఇక్కడ వరుసలో నామస్మరణ బదులు, నిన్న చూసిన సినిమా మీద వాదోపవాదాలు వినిపిస్తాయి. ముందువారిని, వెనకవారిని పలకరిస్తే, పట్టికలో మీరు గమనించని మంచి చిత్రం పేరు వారి నోట తప్పక దొరుకుతుంది. అడిగిన సినిమా దొరకనప్పుడు కోపం తెచ్చుకుని బయటికి నడవడం కంటే, పక్క హాల్లో ఏం నడుస్తుందో చూసి అక్కడికి దారి తీయాలి. ఒకే చిత్రాన్ని మరో రోజు మరో హాల్లో మళ్లీ వేసే సందర్భాలు చాలానే ఉంటాయి కనుక, ప్రతి రోజూ ఒక పూట ఏమీ గుర్తు పెట్టుకోకుండా ఖాళీగా వదిలేసుకోవడం తెలివైన పని.

చిత్రాలను ఎలా ఎంచుకోవాలి? మరో రెండు నెలల్లో ఇంట్లో టీవీ తెర మీద చూడగలిగే చిత్రం కోసం ఇక్కడ గంటన్నర నిలబడడం దండగ. మళ్లీ ఎక్కడా దొరకని వాటి వెంటే పడాలి. పునరుద్ధరించిన పాత ప్రింట్లు, ఏదైనా ఒక దేశపు సినిమాల ప్రత్యేక విభాగం, శతజయంతి సందర్భంగా వేసే పాత చిత్రాలు, లఘుచిత్రాలు, డాక్యుమెంటరీలు అటువంటివి. శతజయంతి విభాగాన్ని ఎవరూ వదులుకోకూడదని నా అభిప్రాయం. సత్యజిత్ రాయ్‌కి 2021లో, మృణాల్ సేన్‌కి 2023లో, ఋత్విక్ ఘటక్‌కి 2025లో నూరేళ్లు నిండాయి. ఒక్క బెంగాల్ నుంచే నాలుగేళ్ల తేడాలో పుట్టిన ఈ ముగ్గురి చిత్రాలను, వాళ్ల ఊళ్లోనే, వాళ్ల భాష తెలిసిన ప్రేక్షకుల నడుమ కూర్చుని చూడడం వేరే అనుభవం. మనం సబ్‌టైటిల్ చదివి అర్థం చేసుకునేలోపే హాలంతా నవ్వేస్తుంది. మూడో రోజుకల్లా మనమూ వాళ్లతోపాటే నవ్వడం మొదలుపెడతాం. రోజుకు మూడు చిత్రాలు మించితే మాత్రం నాలుగోది మొదటిదాన్ని మింగేస్తుంది. హాలు నుంచి బయటికి రాగానే నాలుగు వాక్యాలైనా రాసుకోవడానికి చిన్న పుస్తకం దగ్గరుంచుకోవాలి. లేకుంటే వారం చివరికి ఏ దృశ్యం ఏ సినిమాలోదో చెప్పడం కష్టమవుతుంది.

తెలుగు ప్రేక్షకుడు అక్కడ పూర్తిగా పరాయివాడు కాడు. 1934లో సి. పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన ‘లవకుశ’ను నిర్మించింది కలకత్తాలోని ఈస్టిండియా ఫిలిం కంపెనీ. మృణాల్ సేన్ 1977లో ‘ఒక ఊరి కథ’ను తెలుగులోనే తీశారు. బెంగాలీ దర్శకుడు గౌతమ్ ఘోష్ తొలి కథాచిత్రం తెలుగులో వచ్చిన ‘మా భూమి’. వరుసలో మీది ఏ ఊరని అడిగినవారితో ఈ మాట ఎత్తి చూడండి. సంభాషణ టీ దుకాణం దాకా సాగుతుంది.

ఆ సంభాషణకు అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు అడ్డా. మన హైదరాబాదులో అడ్డా అంటే కూలీలు పొద్దున్నే పని కోసం ఎదురుచూసే కూడలి గుర్తొస్తుంది. బెంగాలీలకు అది పనిలేకుండా, తీరిగ్గా, ఏ విషయం మీదైనా సాగే ముచ్చట, మన పల్లెల్లోని రచ్చబండ వంటిది. ఉత్సవం రోజుల్లో నందన్ ఆవరణలో దర్శకులూ నటులూ పాల్గొనే సినీ అడ్డాలను వేదిక మీద ఏర్పాటు చేస్తారు. సత్యజిత్ రాయ్ స్మారకోపన్యాసం కూడా ఉంటుంది. అవి బాగానే ఉంటాయి కానీ, అసలైన అడ్డా మెట్ల మీద, చెట్ల కింద, మట్టి ముంతల్లో టీ అమ్మే చోట జరుగుతుంది. వయసుతో నిమిత్తం లేకుండా మగవారిని దాదా అని, ఆడవారిని దీదీ అని పిలిచి ప్రశ్న అడగండి. వచ్చీరాని బెంగాలీ కంటే తప్పుల్లేని హిందీయో ఇంగ్లీషో నయమని వెనకాడనక్కరలేదు, ప్రయత్నించినందుకే అక్కడివాళ్లు సంతోషిస్తారు. గగనేంద్ర చిత్రశాలలో సినిమా ప్రముఖుల మీద పెట్టే ప్రదర్శనను రెండు ఆటల మధ్య విరామంలో చూసి రావచ్చు.

భోజనానికి పెద్ద హోటళ్లను వెతకవద్దు, సమయం చాలదు. ఝాల్ ముడి మన మరమరాల మసాలాకు ఆవనూనె ఘాటు తోడైతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఎండు బఠాణీలతో చేసే ఘుగ్ని కడుపు నింపుతుంది. డిసెంబరులో వెళ్లినవారు నొలెన్ గుడ్ అనే కొత్త ఈతబెల్లంతో చేసే సందేశ్ మిఠాయి తినకుండా రాకూడదు. మనవాళ్లు కల్లు తీసే ఈతచెట్టు నుంచే వాళ్లు చలికాలపు నీరా తీసి, కాచి, ఆ బెల్లం తయారు చేస్తారు. చలి మొదలయ్యాకే ఆ రుచి వస్తుంది కాబట్టి నవంబరు మొదట్లో ఉత్సవం జరిగే ఏడు ఆ అదృష్టం ఉండకపోవచ్చు.

దుర్గాపూజ పూర్తిగా మరో ప్రయాణం. 2021 డిసెంబరులో యునెస్కో దీన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. బెజవాడ ఇంద్రకీలాద్రి మీద అమ్మవారు రోజుకో అలంకారంలో దర్శనమిస్తే, భక్తులు ఒకే కొండకు వెళ్తారు. కోల్‌కతాలో వేలాది పందిళ్లలో అమ్మవారు కొలువై ఉంటే, జనం రాత్రంతా ఒక పందిరి నుంచి మరో పందిరికి నడుస్తారు. సప్తమి, అష్టమి, నవమి రాత్రులు కిక్కిరిసి ఉంటాయి కనుక, పిల్లలతోనో పెద్దవాళ్లతోనో వెళ్లేవారు చతుర్థి, పంచమి రోజుల్లోనే పేరున్న పందిళ్లు చూసేసి, ఆ మూడు రోజులూ తెల్లవారుజామున బయలుదేరాలి. ఆ రోజుల్లో మెట్రో తెల్లవారే దాకా నడుస్తుంది. రోడ్డు మీద వాహనాలు కదలవు కాబట్టి, టాక్సీ ఆలోచన మానుకోవాలి. ఒక రోజు ఉత్తర కలకత్తాకు, బాగ్‌బజార్ సార్వజనీన పూజకూ 1757 నుంచి పూజ జరుగుతున్న శోభాబజార్ రాజబారి భవనానికీ కేటాయించి, మరో రోజు దక్షిణ కలకత్తాకు వెళ్లడం మంచిది. రెండింటినీ ఒకే రాత్రి కలపాలని చూస్తే కాళ్ల నొప్పులే మిగులుతాయి. పూజకు ముందే వెళ్లగలిగినవారు విగ్రహాలు చేసే కుమార్‌టులి వీధుల్లో ఒక ఉదయం గడపవచ్చు; బంకమట్టి ఆరుతున్న విగ్రహాలను ఆ ఇరుకు సందుల్లో చూడడం నాకు వెలిగిపోయే పందిళ్ల కంటే ఎక్కువ ఇష్టం.

పార్క్ స్ట్రీట్ క్రిస్మస్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. డిసెంబరు 24, 25 సాయంత్రాల్లో వాహనాలు ఆపేసిన వీధిలో జనంతోపాటు నడవడమే అక్కడ కార్యక్రమం, ఒక్క సాయంత్రం చాలు. 1952లో మొదలైన డోవర్ లేన్ సంగీత సభలకు మాత్రం సిద్ధపడి వెళ్లాలి. నజ్రుల్ మంచ్‌లో నాలుగు రాత్రులు తెల్లవార్లూ హిందూస్తానీ కచేరీలు సాగుతాయి. తెల్లవారుజామున ప్రాతఃకాల రాగం వినడానికే వచ్చే శ్రోతలు అక్కడ ఎందరో ఉంటారు. మధ్యాహ్నం నిద్రపోయి, శాలువా కప్పుకుని, టికెట్టు ముందే కొనుక్కుని వెళ్లినవారికే ఆ రాగం దక్కుతుంది.

1976లో మైదాన్ పరిసరాల్లో మొదలైన పుస్తకాల మేళా ఇప్పుడు సాల్ట్ లేక్‌లోని కరుణామయి దగ్గర జరుగుతుంది. 2025 ఆగస్టు నుంచి హౌరా స్టేషనులో మెట్రో ఎక్కితే మధ్యలో మారనక్కరలేకుండా కరుణామయిలో దిగవచ్చు. ప్రవేశానికి రుసుము లేదు. శని, ఆదివారాలు తప్పించి, మధ్యాహ్నం తలుపులు తెరిచేసరికి అక్కడ ఉంటే రెండు మూడు గంటలు నింపాదిగా తిరగవచ్చు. సాయంత్రానికి జనం తోసుకుంటారు. పెద్ద ప్రచురణకర్తల దుకాణాల్లో దొరికేవన్నీ మన ఊళ్లోనూ దొరుకుతాయి కనుక, ముందుగా చిన్న పత్రికల మంటపానికి వెళ్లండి. తామే రాసి, అచ్చువేసి, ఆ బల్లల వెనక కూర్చుని అమ్మే సంపాదకులతో నేరుగా మాట్లాడవచ్చు. సినిమా మీద బెంగాలీలు రాసినన్ని చిన్న పత్రికలు మరో చోట ఒక్క దగ్గర చూడడం కష్టం. చిత్రోత్సవానికి వెళ్లి వచ్చినవారు అప్పట్లో రాసుకున్న చిన్న పుస్తకాన్ని వెంట తీసుకువెళ్తే, ఏ దర్శకుల మీద ఏ సంచికలు అడగాలో గుర్తుంటుంది. వెళ్లేటప్పుడే పెట్టెలో మడిచి పెట్టిన ఒక ఖాళీ సంచి ఉండాలి. తిరుగు రైల్లో కింది బెర్తు అడగండి, పుస్తకాల బరువును పై బెర్తు దాకా ఎత్తనక్కరలేకుండా సీటు కిందికి తోసేయవచ్చు.