కాలేజీ ఇంటర్వ్యూకు సిద్ధమవుదాం - 3: బట్టలకూ ఒక రిహార్సల్

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? మీ గురించి రెండు నిమిషాలు మాట్లాడి, ఫోనులో రికార్డు చేసుకొని వినమన్నాను. చేయకపోతే ముందు అది ముగించి రండి. ఆ రెండు నిమిషాలతో ఈరోజు పని ఉంది.

ఇంటర్వ్యూకు ఏ బట్టలు కొనాలని చాలామంది అడుగుతారు. కొనకండి. బీరువాలో ఉన్నవాటిలో, వేసుకున్నాక ఒంటి మీద ఉన్న సంగతే మరిచిపోయే జత ఏదో వెతకండి. నేను నేర్పదలచింది ఆ వెతకడమే.

నా సంగతి చెబుతాను. పీజీ సీటు కోసం హైదరాబాద్ వెళ్లిన రోజు అప్పుడే కొన్న బూట్లు తొడుక్కున్నాను. కాజీపేటలో రైలెక్కేటప్పుడు బాగానే ఉన్నాయి. సికింద్రాబాద్‌లో దిగి సిటీ బస్సు కోసం నడిచేసరికి ఎడమ బూటు మడమను కరిచింది. లోపల ముగ్గురు పెద్దలు ప్రశ్నలు వేస్తున్నారు, నా ధ్యాసంతా మడమ మీదే. రామప్ప గుడి ఎవరు కట్టించారని ఒకాయన అడిగారు. ఆ గుడి ఉన్న ములుగు అప్పట్లో మా వరంగల్ జిల్లాలోదే. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడని బడిలో ఎన్నిసార్లు అప్పజెప్పానో! ఆ పూట మాత్రం పేరు నోటికి రాలేదు.

ఇక మన ఎండల సంగతి. ఇంటర్వ్యూ ఏప్రిల్‌లోనో మే నెలలోనో పడితే, హనుమకొండ నుంచి కాజీపేట స్టేషన్ చేరేలోపే చొక్కా వీపుకు అంటుకుంటుంది. లేత నీలం, బూడిద రంగుల మీద చెమట మరక దూరం నుంచే కనిపిస్తుంది. తెలుపు, ముదురు నీలం దాన్ని చాలావరకు దాచేస్తాయి. పాలిస్టర్ కలిసిన గుడ్డ నలగదు కానీ గాలి ఆడనివ్వదు. అందుకే నా ఓటు నూలుకే. నలుగుతుందన్న బెంగ వద్దు, పాత చొక్కాతో ప్రయాణం చేసి, ఇస్త్రీ చేసినదాన్ని స్టేషన్ వెయిటింగ్ రూములో మార్చుకోండి. గంజి మాత్రం పెట్టించకండి, కూర్చున్నప్పుడు పడిన ముడత లేచాక కూడా అలాగే నిలిచిపోతుంది.

అమ్మాయిలకు ఒక మాట. చున్నీ జారుతుంటే మాట కూడా జారుతుంది, భుజం దగ్గర పిన్ను పెట్టండి. చీర అలవాటు లేకపోతే ఆ రోజే మొదలుపెట్టవద్దు. అలవాటున్నవారికి చీరను మించింది లేదనుకోండి, అది వేరే విషయం. పోచంపల్లి ఇక్కత్ వేసుకుంటే, అబ్బాయిలైనా సరే, దాని గురించి నాలుగు ముక్కలు తెలుసుకొని వెళ్లండి. నేయకముందే నూలుకు కట్లు కట్టి రంగులో ముంచుతారు, కట్టు ఉన్నచోట రంగు ఎక్కదు. ఒంటి మీద ఉన్నదాని గురించి ఎవరైనా అడగవచ్చు.

ఇప్పుడు అభ్యాసం. ఈ ఆదివారం బూట్లో చెప్పులో, బెల్టు, చేతి గడియారంతో సహా మొత్తం వేసుకోండి. వీధిలో ఇరవై నిమిషాలు నడవండి. నలుగురూ చూస్తారా? చూడనివ్వండి. తర్వాత చేతుల్లేని కుర్చీలో కూర్చొని, అన్నయ్యనో పక్కింటి పిన్నినో ఎదురుగా కూర్చోబెట్టుకొని ఆ రెండు నిమిషాల మాటలు చెప్పండి. వారు మాటలు వినక్కర్లేదు. మీ చెయ్యి ఎన్నిసార్లు బట్టల మీదికి పోయిందో లెక్కపెడితే చాలు: కాలరు సర్దడం, చున్నీ లాగడం, చొక్కా గుండీల మధ్య సందు మూసుకోవడం. ఒకటి రెండు సార్లయితే ఫరవాలేదు. మూడు దాటితే ఏది ఇబ్బంది పెట్టిందో చూసి దాన్ని మార్చి మళ్లీ కూర్చోండి. గుండీ సందుకు లోపల ఒక ప్రెస్ బటన్ కుట్టిస్తే సరిపోతుంది, దర్జీకి అయిదు నిమిషాల పని.

ఆ లెక్కను తేదీ వేసి నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠానికి పదో తరగతి మెమో నుంచి బోనఫైడ్ వరకు కాగితాలన్నీ ఒకచోట చేర్చి ఉంచండి, ఫైలు సర్దుదాం.